సగం నెమలి

నేను ఒక డిజైన్ల ఫైలును. పచ్చ రెక్సిన్ అట్ట, నల్ల తాడు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద బొమ్మలు గీసే పుష్పావతి నన్ను తన చేత్తో కుట్టుకుంది. పేజీకి ఒక డిజైను. నచ్చిన షావుకారు కొనుక్కుని మగ్గం మీద నేయిస్తాడు. అదే ఆమె బతుకుతెరువు.

"రేపు ఇస్తా" అనడం మనుషులకు ఎంత తేలికో! నాకు మాత్రం ఆ మాటంటే భయం. ఓబుళశెట్టి దుకాణంలో మొదటిసారి విన్నాను.

"ఫైలు ఇడిసిపెట్టి పోమ్మా. ఇంట్లో ఆడోళ్లకు చూపిచ్చి రేపు ఇస్తా."

పుష్పావతి నన్ను వదిలి, మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లింది. ఆ చూపు ఇంకా మరవలేదు. ఆడవాళ్లెవరూ రాలేదు. గుమాస్తా పల్చని కాగితం పరిచి నాలోని చిలకల అంచంతా దించుకున్నాడు. మర్నాడు "ఏదీ బాగల్యాదుమ్మా" అంటూ శెట్టి నన్ను తిరిగిచ్చేశాడు. నెల తిరిగేసరికి ఆ చిలకలు చీరలెక్కి అద్దాల బీరువాలో కూర్చున్నాయి. పుష్పావతి చూసింది. నన్ను గుండెకు అదుముకుంది.

ఇంటికొచ్చి కత్తెర తీసి ప్రతి డిజైనునూ రెండు ముక్కలు చేసింది. నెమలి తల నాలో ఉండిపోయింది, తోక రేకుపెట్టెలోకి పోయింది. విడిపోవడం నాకు ఏనాటికీ అలవాటు కాలేదు.

మళ్లీ నన్ను దుకాణానికి తీసుకెళ్తే, "సగమే ఉందేమ్మా?" అన్నాడు శెట్టి.

"మిగతాది కొన్నోళ్లకే."

శెట్టి మళ్లీ "రేపు ఇస్తా" అని నన్ను ఉంచుకుని, ఆ తలనే దించుకుని, తోక గుమాస్తాతో గీయించాడు. చీర మగ్గం దిగాక చూస్తే అంచు పొడవునా నెమళ్లకు కోడితోకలు! కొనడానికొచ్చిన ఒకావిడ పక్కున నవ్వింది. "ఏం సెట్టీ, నీ నెమలి గుడ్లు పెడతాదా?"

మూడోనాడు శెట్టి పుష్పావతి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ తోక ఇయ్యి తల్లీ. ఎంత?"

"ఆరు వేలు. చిలకలకు ఇంకో ఆరు."

"చిలకలెందుకిప్పుడు?"

"అడగకుండానే మీ అంగడికి ఎగిరొచ్చినాయి కదా సెట్టిగారూ."

శెట్టి నవ్వలేక నవ్వి, పన్నెండు వేలూ ఇచ్చాడు. పుష్పావతి నా మీదే తలనూ తోకనూ అతికించింది. ఒక్క క్షణం నెమలి నిండుగా నా ఒళ్లో నిలిచింది. ఆ వెంటనే శెట్టి సంచిలోకి వెళ్లిపోయింది.

తర్వాత ఒక్కో పేజీ అలాగే కలిసింది, అలాగే వెళ్లింది. అమ్ముడుపోవడమంటే ఇదే కాబోలు. ఇప్పుడు నేను అటక మీద ఖాళీగా ఉన్నాను. పుష్పావతి కొత్తగా ఎర్ర ఫైలు కుట్టుకుంది. దాన్ని చంకలో పెట్టుకుని బజారుకు బయల్దేరిందంటే, మళ్లీ ఆ చంకలోనే ఇల్లు చేరేదాకా నాకు కునుకు రాదు.