నాలుగు వందల పన్నెండు వాల్వులు

నీటి సరఫరా ఆఫీసులో పైపుల పటాలు గీసే ఉద్యోగం ఆమెది. అందరూ గీతలమ్మాయి అనేవారు. ఆ పేరు పెట్టింది వాల్వు బాబాయి. ముప్పై ఏళ్లుగా వీధివీధీ తిరిగి నీళ్లు వదిలి కట్టేసే మనిషి ఆయన. ఏ మూత కింద ఏ వాల్వు ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. "నీ గీతలకంటే నా కాళ్లకే ఎక్కువ తెలుసమ్మాయ్" అని ఆటపట్టించేవాడు.

ఒకసారి పెద్ద పైపు పగిలితే పాత కాగితం పటం చూసి ఇద్దరు మనుషులు రెండు చోట్ల రోడ్డు తవ్వారు. రెండూ తప్పే. ఇంజనీరు తల పట్టుకుని గీతలమ్మాయిని పిలిచాడు.

"ఫోన్లోనే మ్యాప్ ఉండాలి. ఒకరు పెట్టిన గుర్తు అప్పటికప్పుడు అందరికీ కనపడాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ ఏదైనా వెతికి పెట్టండి."

నెల రోజులు వెతికింది. ఒకటి సిగ్నల్ లేని సందులోకి వెళ్తే మొరాయించింది. ఇంకొకదానిలో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. మూడోది నచ్చింది. ఇంజనీరు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

బాబాయికి దాన్ని పక్కన కూర్చుని నేర్పింది. రెండు రోజులు తికమకపడ్డాడు. మూడో రోజు నుంచి ఆయనకు పట్టపగ్గాల్లేవు. "ఇదిగో నొక్కుతున్నా! పడిందా అమ్మాయ్?" అని నడివీధిలోంచి ఫోన్ చేసేవాడు. ఆమె తెరమీద ఒక నీలం చుక్క పుట్టేది. మూడు వారాల్లో, వాల్వుకొకటి చొప్పున, నాలుగు వందల పన్నెండు చుక్కలు పెట్టాడు.

ఒక మధ్యాహ్నం ఆమె నేర్పడానికి పెట్టిన ఉత్తుత్తి గుర్తులన్నీ తీసేద్దామని కూర్చుంది. అసలు గుర్తుల జాబితా, ఉత్తుత్తి జాబితా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. 'తీసేయాలా?' అని అడిగింది తెర. చదవకుండానే అవునని నొక్కింది. నీలం చుక్కలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

నొక్కింది అసలు జాబితా మీద. అంతలోనే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, కొంప మునిగింది! నేనేదో నొక్కాను. అన్నీ పోయాయి!"

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. "కంగారుపడకు బాబాయ్, నేను చూస్తాగా" అంది. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే ఆ మాట ఆమెను ఎక్కువ కాల్చింది.

సాయంత్రం ఇంజనీరు అడగకముందే బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నావల్లే సార్. ఈ మొద్దువేళ్లు ఊరుకోవు." ఇంజనీరు తిట్టలేదు. "మీరు దారి చూపించండి చాలు. గుర్తులు మీటర్ రీడర్ పెడతాడు" అని ఆయన దగ్గరున్న ఆఫీసు ఫోన్ తీసుకున్నాడు. గీతలమ్మాయి తల ఎత్తలేదు. చెప్పడానికి అదే సమయమని తెలుసు. ఆ సమయం దాటిపోయిందనీ తెలుసు.

మర్నాడు ఇంజనీరు ఆమెకు ఇంకో పని అప్పగించాడు. "ఎవరు ఏం తీసేశారో కనపడే సాఫ్ట్‌వేర్ చూడండి. పాపం పెద్దాయన్ని అని ఏం లాభం?"

మళ్లీ వెతుకులాట. ఒకదాన్ని పరీక్షిస్తూ ఒక గుర్తు తీసేసింది. వెంటనే కింద ఆమె పేరు, గంట, నిమిషం పడ్డాయి. గభాలున తెర మూసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగింది. గదిలో ఎవరూ లేరు.

చుక్కలు పోయిన పన్నెండో రోజు పాత సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేసింది. అటువైపు కుర్రది ఉత్సాహంగా చెప్పింది. "నెలలోపైతే అన్నీ తిరిగి తెప్పించొచ్చు మేడమ్. ఎవరు తీసేశారో, ఎప్పుడు తీసేశారో మీ టీమ్ అందరికీ మెయిల్ వెళ్తుంది, అంతే."

"మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది.

నాలుగు రోజులు చేయలేదు. ఆ నాలుగు రోజులూ బాబాయి మోకాలికి గుడ్డ చుట్టుకుని, తిరిగిన వీధులే మళ్లీ తిరిగాడు. నాలుగో రోజు కిటికీలోంచి చూస్తే, ఆయన రోడ్డు మీద మూత పక్కన చతికిలబడి, లేవడానికి మీటర్ రీడర్ చేయి పట్టుకుంటున్నాడు.

ఆమె లేచి తిన్నగా ఇంజనీరు గదిలోకి వెళ్లింది. "సార్, బాబాయిని పిలిపించండి. ఇద్దరి ముందూ చెప్పాలి." ఇద్దరూ ఉండగా చెప్పింది. పన్నెండో రోజు చేసిన ఫోన్ సంగతి కూడా దాచలేదు.

"ముందు అవి తెప్పించండి" అన్నాడు ఇంజనీరు. ఆయన ఆమె మొహం చూడలేదు.

బాబాయి ఒక్కటే అడిగాడు. "ఆ రోజు కంగారుపడకు అన్నావే, అప్పటికే తెలుసా?"

"తెలుసు బాబాయ్."

"మనవరాలు నా సొంత ఫోన్‌కి చేసినా నేను తీయడం మానేశాను. ఏది నొక్కితే ఏది పోతుందోనని. తాతకి కోపమొచ్చిందా అని అది వాళ్లమ్మని అడిగిందట." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మీ పిన్నికి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు. నన్ను ఓదార్చడానికి నువ్వలా అన్నావనుకుంటుంది."

ఆ సాయంత్రమే వెళ్లి చెప్పింది. పిన్ని మడతపెడుతున్న దుప్పటి చేతుల్లోనే ఉంచుకుని విన్నది. "ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది" అంది. కూర్చోమని మాత్రం అనలేదు.

మర్నాడు మెయిల్ వెళ్లింది. నీలం చుక్కలు నాలుగు వందల పన్నెండూ తిరిగి వచ్చాయి. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం రాసిన నివేదికలో, ఎందుకు మారుస్తున్నామన్న చోట, జరిగింది జరిగినట్టు తన పేరుతో రాసింది.

బాబాయికి ఆఫీసు ఫోన్ తిరిగి ఇచ్చారు. వీధుల్లోంచి ఇప్పటికీ ఆమెకే ఫోన్ చేస్తాడు, కోపమేమీ లేనట్టే మాట్లాడతాడు. కానీ ప్రతి చుక్కకీ ముందు ఆగుతాడు.

"అమ్మాయ్, ఇది నొక్కితే ఏమీ పోదుగా?"

"పోదు బాబాయ్."

"చూసి చెప్పు."

రోజుకు ఇరవైసార్లు ఆమె చూసి చెబుతుంది.