ఖాళీ పెట్టె

ఆ దగ్గు ఉత్త దగ్గు కాదు, చివరి వరసలో కూర్చున్న రిజర్వు నటుడు కావాలని దగ్గిన దగ్గు, గొంతు సవరించుకుంటున్నాడు పెద్దమనిషి, అంటే వేషం నీకేనని ఎవరో మాట ఇచ్చే ఉంటారు, ఎవరో ఏమిటి, డైరెక్టరు మేడమే ఇచ్చి ఉంటుంది, లేకపోతే నాటకం ఎల్లుండి పెట్టుకుని ఇవాళ ఆ మనిషిని ఎందుకు పిలిపించినట్టు, నిప్పు లేనిదే పొగ రాదు, ఆ సంగతి ఇప్పుడా వేషం వేస్తున్న ఆయనకు ఒకరు చెప్పాలా, ఉద్యోగమంతా కస్టమ్స్ హాల్లో బల్ల వెనక నిలబడి మొహాలు చదివినవాడు, నవ్వు ఎక్కువైతే పెట్టెలో ఏదో ఉందని, బొత్తిగా లేకపోతే ఇంకేదో ఉందని పసిగట్టినవాడు, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోకముందే పట్టుకున్నవాడు, అలాంటివాడు రిటైరయ్యాక నాటకాల్లో వేస్తానంటే భార్య పడీ పడీ నవ్వింది, ఎదుటివాళ్ల వేషాలు పట్టుకోవడమేగాని మీరు వేషం కట్టడం ఎప్పుడండీ, అంది, అని ఊరుకుందా, ఇవాళ రిహార్సలుకు తనూ వస్తానని చెప్పులేసుకుని బయల్దేరింది, ఎన్నడూ లేనిది, అదెందుకో.

వేషమంటే ఎంత, చాలాకాలానికి ఇంటికి తిరిగొస్తున్న భార్యకు స్టేషన్లో ఎదురెళ్లిన మొగుడు, ఆవిడ చేతిలో పెట్టె అందుకుంటాడు, ఎలా ఉన్నావు అంటాడు, పద ఇంటికి అంటాడు, అంతే, కానీ మొదటిరోజే కొంప మునిగింది, భార్య వేషం సంగీతం టీచరమ్మది, ఆవిడా రిటైరయిన మనిషే, తెర వెనక అన్నయ్యగారూ, తెర ముందు ఏవండీ, ఆవిడ పెట్టె అందించిందో లేదో ఆయన చెయ్యి దానంతటదే దాన్ని ఒకసారి ఎత్తి దించి బరువు చూసింది, ఏమ్మా, ఇందులో ఏమీ లేదే, అనేశాడు, అక్కడితో ఆగాడా, దాన్ని బెంచీ మీద పెట్టి గొళ్లెం తీసి, దొంగ అర ఉందేమోనని అడుగు తట్టి చూశాడు, హాలంతా ఘొల్లుమంది, ఆ రోజునుంచి ఆయన పేరు స్కానర్ గారు, రెండోసారీ అదే కథ, మూడోసారి గొళ్లెం దాకా వెళ్లిన చేతిని ఆపుకున్నాడుగాని కళ్లను ఆపుకోలేకపోయాడు, బాబాయ్ గారూ, అంది మేడమ్, కూతురి ఈడు పిల్ల, కూతురు కూడా ఇంత మెత్తగా తిట్టదు, ఆవిడ మీ భార్య, ప్యాసింజరు కాదు, ఏం తెచ్చిందని కాదు, వచ్చింది కదా అని చూడండి, కాస్త నమ్మండి, నమ్మడమంటే ఎలాగమ్మా అని అడగబోయి మింగేశాడు, ఇవాళ ఒక్కసారి చూస్తాను, మళ్లీ గొళ్లెం తీశారంటే మాత్రం వేషం ఆ రిజర్వు ఆయనకిచ్చేస్తా, మరోలా అనుకోకండి, అంది, అనుకోక ఏం చేస్తాడు.

పోకూడదు, ఈ వేషం పోకూడదు, ఆ బల్ల వెనక ఉన్నన్నాళ్లూ ఆయన్ని చూసి సంతోషపడ్డ మొహం ఒక్కటి లేదు, అందరి కళ్లలోనూ ఎప్పుడు వదులుతాడురా దేవుడా అన్న చూపే, ఇక్కడ టీచరమ్మ రైలు దిగి ఆయన్ని చూడగానే మొహం విప్పారుతుంది, నటనే, తెలుసు, అయినా ఆ ఒక్క చూపుకోసమే రోజూ గడ్డం గీసుకుని వస్తున్నాడు, చెప్పుకుంటే సిగ్గుచేటు, సర్లే, ఆ తెర పక్కన గుసగుసలేమిటి, తన భార్యే, టీచరమ్మ చెవిలో ఏదో చెబుతోంది, ఇద్దరూ నవ్వుకున్నారు, ఆయన్ని చూసి ఠక్కున ఆపేశారు, చూశావా, ఇదీ సంగతి, ఈ వయసులో ఈయనకెందుకు ఈ కుప్పిగంతులు, తీసేయండని చెప్పడానికే వచ్చిందన్నమాట, ఏదో మనసులో పెట్టుకుంది, పుట్టింటినుంచి వచ్చినప్పుడల్లా గుమ్మంలో సంచి అందుకుంటే, ఏం సార్, ఇంట్లో కూడా డ్యూటీయేనా, అనేది, సాయం చేద్దామనే, అనేవాడు, నిజంగా సాయమే, కానీ చెయ్యి ఊరుకోదే, ఎత్తి దించేది, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదులెండి, అని లోపలికి వెళ్లిపోయేది, నవ్వుతూనే వెళ్లేదా, ఏమో, ఆయన చూసింది సంచినేగాని మొహాన్ని కాదు.

లైట్లు పడ్డాయి, రైలు కూత, టీచరమ్మ దిగింది, ఏవండీ అంది, పెట్టె అందించింది, ఆయన అందుకున్నాడు, భుజం జారి ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగింది, బరువు, నిజం బరువు, ఎవరు నింపారు, రిజర్వువాడా, ఇక్కడే తప్పు చేయించి వేషం కొట్టేద్దామని, లేక మేడమ్ పెట్టిన పరీక్షా, ఏం నింపారు, రాళ్లా, గుడ్డలా, కదిలిస్తే చప్పుడైనా లేదు, గుడ్డలే, వేళ్లు గొళ్లెం మీదికి పోయాయి, చల్లగా తగిలింది, ఒక్క క్షణం చాలు, తీసి చూస్తే తెలిసిపోతుంది, తల ఎత్తాడు, టీచరమ్మ భుజం మీదుగా చివరి వరస కనిపించింది, రిజర్వువాడు కాళ్లు చాపుకుని ఆవలిస్తున్నాడు, పక్కన తన భార్య, ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడింది, నవ్వడం లేదు, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది, పరీక్షలో కూర్చున్న పిల్లాడి తల్లిలా గుడ్లప్పగించి చూస్తోంది, ఆ మొహంలో దాచిందేమీ లేదు, ఆయన గెలవాలన్న ఆత్రం తప్ప, ఆ గుసగుసలు ఇందుకన్నమాట, తేలిగ్గా ఉంటే ఈయన చెయ్యి ఊరుకోదని పెట్టె నింపింది తనే, ఎలా ఉన్నావు, అన్నాడు, ఆ మాట టీచరమ్మతో అన్నాడో, వెనకున్న మనిషితో అన్నాడో, పద ఇంటికి, అన్నాడు, వేళ్లు గొళ్లెం వదిలి పిడి బిగించాయి, పెట్టె మోకాలికి కొట్టుకుంటుంటే నాలుగడుగులు నడిచాడు, ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అలా నడుస్తూనే, ఇంటికెళ్లాక కూడా, ఎప్పటికీ, ఇందులో ఏం పెట్టావని భార్యను అడగనని ఆయనకు తెలిసిపోయింది.