ఒక్కరైపోయిన పదకొండు మంది

ఆరోగ్య కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చునే ఆమెని అందరూ టకటక అనేవారు. ఆమె వేళ్ళు మీటల మీద పడితే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు వాన మొదలైందేమోనని తలెత్తి చూసేవారు. చేతిలో పని మిగిలితే ఆమెకి అన్నం సయించదు. ఆ చురుకే ఆమెకి పేరు తెచ్చింది. కొంప మీదికి తెచ్చిందీ అదే.

ఆ రోజు పదకొండు దాటాక పెద్దాసుపత్రి నుంచి డాక్టరుగారికి ఫోన్ వచ్చింది. ఆయన మాట్లాడడం ముగించి నేరుగా టకటక బల్ల దగ్గరికి వచ్చారు.

"మన పరిధిలో ఒక పాపకి తట్టు పోసిందటమ్మా. ఏడాదిన్నర పిల్ల. ఊపిరి ఆడక చేర్చారు. టీకా పడిందో లేదో చూడు."

టకటక ఆయన చెప్పిన పాప తల్లి పేరు కొట్టింది. ఎవరూ రాలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన ఫోన్ నంబరు కొట్టింది. ఒక్క పిల్లాడి వివరాలు వచ్చాయి. టీకా వేసినట్టు పక్కన ఆకుపచ్చ గుర్తు.

"పాప అన్నారు కదా సార్? ఇది మగపిల్లాడు."

అనుమానం వచ్చి ఆ వివరాల్లో ఇంతకుముందు చేసిన మార్పుల జాబితా తెరిచింది. లేత బూడిదరంగులో ఒకదాని కింద ఒకటి పదకొండు పేర్లు. పదకొండు మందినీ కలిపి ఒక్కరిగా చేసిన తేదీ. కలిపినవారి పేరు దగ్గర తన పేరు.

ఆ తేదీని ఆమె గుర్తుపట్టింది.

ఏడు నెలల కిందటి మాట అది. ఒకే పిల్లాడు రెండుసార్లు నమోదయ్యాడేమో చూడమని కంప్యూటరు మూడు వందల పన్నెండు జతలు బయటపెట్టింది. ప్రతి జత కిందా ఒకటే ప్రశ్న: ఈ ఇద్దరూ ఒకరేనా? మర్నాడు పైఅధికారి తనిఖీ. టకటక గంటన్నరలో మూడు వందల పన్నెండుసార్లు అవునని నొక్కి, చేతులు దులుపుకుని టీ తాగడానికి వెళ్ళింది.

కొత్త భవనాలు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉండే ఆడవాళ్ళకి సొంత ఫోన్లు లేవు. ఇంటింటి సర్వేకి వెళ్ళినప్పుడు అందరూ మేస్త్రి నంబరే చెప్పారు. పిల్లలు పుట్టిన తేదీ గుర్తులేదంటే సర్వేవాళ్ళు జనవరి ఒకటని రాసుకున్నారు. నంబరూ తేదీ ఒకటే కావడంతో అందరూ ఒకరేనేమోనని యంత్రం అనుమానపడింది. తల్లుల పేర్లు వేరని తెర మీదే ఉంది. చదవాల్సిన మనిషి చదవలేదు.

పక్కనుంచి చూస్తున్న పెద్ద నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అందుకా, ఆ షెడ్ల వైపు నా లిస్టులో ఒక్క పిల్లాడే వచ్చేవాడు! మిగతావాళ్ళు ఊళ్ళకి పోయారనుకున్నానే."

"నేనే అక్కా. నేనే కలిపేశాను."

"ఏడుపు తర్వాత. ముందు ఆ మేస్త్రికి ఫోన్ చెయ్యి."

మేస్త్రి నాలుగోసారికి ఎత్తాడు. "టీకాల మెసేజులా? నాకెందుకొస్తున్నాయో అర్థంకాక తుడిచేస్తుంటానండీ. అయినా ఇక్కడ పనైపోయింది. ఒక లారీ పొద్దున్నే వెళ్ళిపోయింది. మూడింటికి రెండోది."

గోడ గడియారంలో ఒంటిగంట కావస్తోంది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు సమీక్షమ్మా. తొంభై ఎనిమిది శాతమని జిల్లా అంతా మనల్నే చూపిస్తున్నారు. ఇవాళ టీకా పడనివాళ్ళు పదిమంది మిగిలారంటే మిగతా లెక్కలూ తవ్వుతారు. రేపు గడవనిచ్చి పద్ధతిగా ఉత్తరం రాద్దాం."

"లారీ ఆగదు సార్." ఆమె కుర్చీలోంచి లేచింది. "ఆ పాప వాళ్ళందరి మధ్యా తిరిగింది. తప్పు చేసింది నేను. నా పేరే రాయండి. ఇప్పుడు మాత్రం పంపించండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత జేబులోంచి జీపు తాళాలు తీసి బల్ల మీద పెట్టారు.

జీపు డ్రైవరుతో పెద్ద నర్సూ టకటకా వెళ్ళేసరికి రెండున్నర. లారీలో మంచాలు, బిందెలు, మూటలు అప్పటికే ఎక్కేశాయి. పెద్ద నర్సు టీకాల పెట్టెని ఇటుకల దొంతి మీద నీడలో పెట్టి సీసాలో మందు కలిపింది. టకటక కాగితం చూసి తల్లుల పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. ఈసారి ప్రతి పేరూ రెండుసార్లు చదివింది.

ఐదుగురు పిల్లలకి టీకా పడింది. ఆరో పిల్లాడిని చూడగానే పెద్ద నర్సు సూది పక్కన పెట్టేసింది. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. చెవుల వెనక అప్పుడే దద్దుర్లు మొదలయ్యాయి. ఒళ్ళు కాలిపోతోంది.

"వీణ్ణి లారీ ఎక్కించకు తల్లీ. దారిలో ఏమైనా అయితే ఎవరున్నారు నీకు?" అంటూనే తల్లీబిడ్డల్ని జీపులో కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి పంపించింది.

లారీ డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. "మూడైంది! మీ కోసం రోడ్డు ఆగుతుందా?"

ఇంకో తల్లి లారీ మీద మూటల మధ్య బిడ్డని పొదువుకుని కూర్చుని ఉంది. ఎన్నిసార్లు పిలిచినా కదలలేదు. టకటక చక్రం మీద కాలేసి పైకెక్కింది. ఆ తల్లి ఆమెని ఎగాదిగా చూసింది.

"నువ్వే కదూ? పోయిన నెల కార్డు పోయిందని వస్తే, మీవాడికి వేసినట్టే ఉంది పోమ్మా అన్నావు. రెండు మైళ్ళు నడిచొచ్చాను ఎండలో. ఇప్పుడేమో వెయ్యలేదంటావు. ఏది నిజం?"

అబద్ధం నాలుక చివరే ఉంది. యంత్రం చెడిపోయిందంటే సరిపోతుంది. ఎవరడగొచ్చారు?

"వెయ్యలేదమ్మా. నేను చూసుకోకుండా తప్పు రాశాను. నువ్వు వచ్చినప్పుడు కూడా నీ మాట వినలేదు. ఆ రాతనే నమ్మాను."

ఆ తల్లి బిడ్డని ఇంకా దగ్గరికి హత్తుకుంది. డ్రైవరు ఇంజను వేశాడు. లారీ ఒక్క కుదుపు కుదిపింది. అంతలో మేస్త్రి పరుగున వచ్చి, తలుపు తీసి తాళం లాగేసుకున్నాడు. "ఆ మెసేజులు తుడిచింది నేను. బిడ్డ దిగేదాకా బండి కదలదు. ఏమైనా ఉంటే నాతో మాట్లాడు!"

"రాసేటప్పుడు కళ్ళు పెట్టి రాయాలి తల్లీ," అంది ఆ తల్లి చివరికి, బిడ్డని టకటక చేతుల్లోకి దించుతూ. టకటక వాణ్ణి పెద్ద నర్సు దగ్గరికి మోసుకెళ్ళింది. సూది పడగానే వాడు కేరుమన్నాడు. అంత ఏడుపు విని టకటక ప్రాణం కుదుటపడడం అదే మొదటిసారి.

మిగిలినవాళ్ళిద్దరూ పొద్దుటి లారీలో వెళ్ళిపోయారు. మేస్త్రి చెప్పిన ఊరిని బట్టి టకటక అక్కడి కేంద్రాన్ని వెతికి పట్టుకుంది. ఇద్దరి వివరాలూ విడదీసి పంపించింది. మర్నాడు సాయంత్రం వాళ్ళ పేర్ల పక్కన ఆకుపచ్చ గుర్తు పడింది. అది చూసి ఊరుకోలేదు. అక్కడి నర్సుకి ఫోన్ చేసి అడిగింది: "మీరు మీ చేత్తో వేశారా?"

"నా చేత్తోనే వేశానండీ. ఒకడు నా చెయ్యి కొరికాడు కూడా."

సమీక్షలో డాక్టరుగారే లేచి తొంభై ఎనిమిది తప్పని చెప్పారు. కలిపినవన్నీ విడదీస్తే ఎనభై మూడు అయింది. పైఅధికారి ముఖం కందగడ్డలా చేసుకుని అరగంట తిట్టాడు. టకటకకి సంజాయిషీ నోటీసు కూడా ఇచ్చాడు. వెళ్ళే ముందు మాత్రం, ఒకే నంబరు మీద ఇద్దరికి మించి పిల్లలుంటే ప్రతి కేంద్రమూ విడిగా చూడాలని ఆదేశం రాసి వెళ్ళాడు. ఆసుపత్రిలో పిల్లాడు వారంలో తేరుకున్నాడు. పాపకి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ టకటక పొద్దున్నే వార్డుకి ఫోన్ చేసి, ఆ తర్వాతే కంప్యూటరు తెరిచింది.

ఇప్పుడామె మూడు వందల పన్నెండు జతలనీ ఒక్కొక్కటే సరిచూస్తోంది. రోజుకి పదిహేను దాటడం లేదు. మొన్న నూటనాలుగో జత దగ్గర ఒక నంబరుకి ఫోన్ చేసింది.

"అమ్మా, ఒకటే తేదీ, ఒకటే ఇల్లు, తల్లి కూడా మీరే. మీకు పిల్లాడు ఒక్కడేనా, లేక..."

"ఒక్కడా?" అవతల ఏదో పగిలిన చప్పుడు, రెండు గొంతుల ఏడుపు. "కవలలమ్మా! కావాలంటే వచ్చి ఒకణ్ణి పట్టుకో, రెండోవాణ్ణి చూపిస్తాను."

"రేపు పొద్దున్నే వస్తున్నామమ్మా," అని చెప్పి, టకటక ఇద్దరి పేర్లూ అడిగి, నిదానంగా రాసుకుంది.