యోనాకు దక్కిన కొంగ

యోనా పని కొంగల్ని తోలడం. శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే పక్క గడ్డిలో పొద్దున ఎనిమిదింటి నుంచి నాలుగు దాకా తిరగాలి. విమానాలకు అడ్డం పడకుండా, పిట్ట వాలితే కర్ర ఊపాలి, కేకెయ్యాలి. తొమ్మిదేళ్లుగా అదే బతుకు. ఈ వానాకాలం మాత్రం హిమాయత్‌సాగర్ చెరువు తెల్లకొంగలు అతన్ని లెక్కచేయడం మానేశాయి. కర్ర ఊపితే రెండడుగులు జరిగి మళ్లీ మేతలో పడేవి.

"ఏయ్ యోనా, నెలాఖరుకు ఇక్కడ కొంగ కనబడొద్దు. కనబడ్డదో, నీ పాసు గుంజుకుంట," అన్నాడు సూపర్‌వైజర్ మల్లేశ్వర్.

యాభై దాటిన మనిషికి ఇంకో పని ఎవరిస్తారు? యోనాకు అన్నం సయించలేదు. భార్య ప్రేమావతే ముష్తాక్ ఉస్తాద్ దగ్గరికి తరిమింది.

ముష్తాక్ టైర్ల దుకాణం మేడమీద కుంగ్‌ఫూ నేర్పుతాడు. అక్కడ విద్య ఒంటబట్టినవాళ్లకు నీడ మారుతుంది. ఆటో నడిపే గోవర్ధన్‌ది చిరుతనీడ. కాలేజీ పిల్ల మహీన్‌ది పామునీడ. బస్సులో ఎవడూ మీద పడడని వాళ్లమ్మకు నిశ్చింత.

"నాకు పులి నేర్పు ఉస్తాద్. పులినీడ చూస్తే కొంగలు ఆగుతయా?"

ముష్తాక్ కాదనలేదు. పంజా బిగించడం, ఎముక గట్టిపడేలా నిలబడడం, బలం మీదికి బలంగా పోవడం నేర్పాడు. యోనా మూడు వారాలు గర్జించాడు. మోకాళ్లు వాచాయి. నెలాఖరుకు ముందు రోజు సాయంత్రం ఎండలో తన నీడ చూసుకుంటే, గచ్చు మీద పొడుగు కాళ్లతో, సన్నటి మెడతో కొంగ నిలబడి ఉంది.

యోనా మొహం మాడిపోయింది. "ఏంది ఉస్తాద్ గిది? నా పొట్ట కొట్టేదే నాకు నీడైందా?"

"జర కూసో అన్నా. దక్షిణ చైనాల ఫాంగ్ అని ఒకామె ఉండెనంట. ఎండబోసిన గింజల మీద తెల్లకొంగ వాలింది. ఆమె కర్రతోని కొట్టబోయింది. యాడ కొడ్తే ఆడ లేదది. ఇగ ఆమె కర్ర పడేసి, దాన్నే చూస్కుంట కూసుంది. కొంగ విద్య గట్ల పుట్టిందంటరు. పులి బలానికి ఎదురుపోతది. చిరుత ఉరికొచ్చి కొడ్తది. పాము సందు చూసి పొడుస్తది. కొంగ ఎదురే పోదు, తప్పుకుంటది. రేపు నువ్వు తోలకు."

"తోలకుంటే నౌకరీ పోతది!"

"తోలినా పోయేటట్లే ఉంది గదా," అని ముష్తాక్ అతనికి ఒంటికాలి మీద నిలబడడం నేర్పి పంపాడు.

తెల్లారి గడ్డిలో ఇరవై కొంగలున్నాయి. మల్లేశ్వర్ జీపులో కూర్చుని చూస్తున్నాడు. యోనా కర్ర పక్కన పడేశాడు. కేక వెయ్యలేదు. చేతులు చాచి ఒంటికాలి మీద నిలబడ్డాడు. అతని నీడ గడ్డి మీద రెక్కలు విప్పింది. ఒక కొంగ తలెత్తింది, తర్వాత ఇంకోటి. యోనా మెల్లగా కొత్వాల్‌గూడ దిక్కు కంచె వైపు నడిచాడు. కొంగలన్నీ బుద్ధిగా ఆ నీడ వెంట నడిచాయి. కంచె దగ్గర నీడ అవతలికి సాగగానే, గుంపంతా లేచి చెరువు వైపు ఎగిరిపోయింది.

మల్లేశ్వర్ జీపు దిగి యోనా దగ్గరికి వచ్చాడు.

"రేపు రెండు ఫొటోలు తెచ్చియ్యి అన్నా," అన్నాడు. "పాసు కొత్తది చేయించాలె."

తొమ్మిదేళ్లలో అతను అన్నా అనడం అదే మొదటిసారి. యోనా ప్రేమావతికి ఫోన్ చేశాడు.

"ఫొటో దిగాలెనే. నా తెల్లంగి ఇస్త్రీ చేసి పెట్టు."

"గొంతు గట్లున్నదేంది? ఏడుస్తున్నవా?"

"ఏడుస్తున్న," అన్నాడు యోనా.