ఆగస్టు ముద్ర

శిరీష ఆదోనిలో రైలు దిగింది సెప్టెంబరులో. ఆమె పాస్‌పోర్టులో పడిన ముద్ర మాత్రం ఆగస్టు అంటోంది. ఆ సంగతి దిగిన గంటకే బయటపడింది.

ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి భీమక్క ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి స్టేషనుకు వచ్చింది. కోడలిని ఎదురుగా చూడటం అదే మొదటిసారి. కొడుకు సురేష్ మలేషియాలో హోటల్ పనికి పోయి, అక్కడే శిరీషను రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడు. శిరీష అక్కడి తెలుగు పిల్ల. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వెళ్లిన కుటుంబం వాళ్లది. ఆమె నర్సు. హోటల్ మూతపడ్డాక సురేష్ ఇంటికి వచ్చి మగ్గంలో కూర్చున్నాడు. శిరీష ఉద్యోగంలోనే ఉంది. ఇప్పుడు టూరిస్టు వీసా మీద అత్తగారిల్లు చూడటానికి వచ్చింది. చూసి, తిరిగి వెళ్లి, భార్యగా ఇక్కడే ఉండిపోయే వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. అదీ వాళ్లు అనుకున్నది.

సురేష్ విమానాశ్రయం నుంచి ఆమెను వెంటబెట్టుకొని వచ్చాడు. ఇంటికి పోయే ముందు ముగ్గురూ బస్టాండు దగ్గర శ్రీనాథ్ నడిపే ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లారు. విదేశీయులు ఇంట్లో దిగితే ఇంటివాళ్లు ఆ సంగతి పోలీసులకు ఆన్‌లైన్లో తెలపాలి. శ్రీనాథ్ సురేష్‌తో పాటు చదువుకున్నవాడు. పాస్‌పోర్టు తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"వదినా, నువ్వు యాపొద్దు దిగినావు?"

"నిన్న."

"ఈడ పోయిన నెల అని ఉండాది."

ముగ్గురూ వంగి చూశారు. తేదీ సరిగానే ఉంది. నెల మారలేదు.

"ముద్ర తిప్పేవాడు నెల తిప్పల్యా," అన్నాడు శ్రీనాథ్. "నీది ముప్పై దినాల వీసా. ఈ ముద్ర లెక్కన నువ్వు దిగకముందే గడువు దాటిపోయినావు."

"రాని మనిషి ఎట్లా ఎక్కువ దినాలు ఉంటాది నాయనా?" అంది భీమక్క.

"ఆ మాటే వాళ్లకు సెప్పాల పెద్దమ్మా. సెప్పకపోతే, పోయేటప్పుడు కౌంటర్ కాడ ఆపుతారు. జరిమానా వేస్తారు. ఎక్కువ దినాలు ఉన్నెట్టు పేరుకెక్కితే మళ్లా వీసా కష్టం."

"కౌంటర్ దగ్గర చూసుకోవలసింది," అంది శిరీష. "వెనక చాలామంది ఉన్నారు. ఇచ్చారు, తీసుకున్నాను."

"ఆడే సూసుకోని ఉంటే ఆడే దిద్ది సంతకం పెట్టేవాళ్లు. సరే, మీ దేశంలో బయల్దేరినప్పుడు వేసిన ముద్ర యాడుంది?"

"మా వాళ్లకు ముద్ర వేయరు. పాస్‌పోర్టు పెడితే గేటు తెరుచుకుంటుంది. అంతే."

శ్రీనాథ్ తల గోక్కున్నాడు. శిరీష చేతిసంచి వెతికితే బోర్డింగ్ పాస్ ముక్క దొరికింది. దాని మీద సెప్టెంబరు ఉంది. టికెట్టు మెయిల్‌లో ఉంది. రెండింటినీ, ముద్ర ఉన్న పేజీనీ స్కాన్ చేసి, జరిగింది రాసి, విమానాశ్రయం ఇమిగ్రేషన్‌కూ, కర్నూలులో విదేశీయుల సంగతులు చూసే పోలీసు విభాగానికీ మెయిల్ పంపాడు. పాస్‌పోర్టు తిరిగి ఇస్తూ అందరి వైపూ చూసి చెప్పాడు.

"దీన్ని ఎవురూ ముట్టద్దు. పెన్నుతో దిద్దద్దు. రబ్బరు పెట్టద్దు. దిద్దితే వాళ్లే దిద్దాల."

రెండు రోజులకు కర్నూలు నుంచి జవాబు వచ్చింది. అసలు పాస్‌పోర్టు తీసుకొని రమ్మన్నారు. సురేష్ ఫోన్ చేస్తే, దసరాకు సిబ్బంది అంతా దేవరగట్టు కర్రల సమరం బందోబస్తుకు పోతున్నారు, పండగ దాటాక రండి అని చెప్పారు.

కోడలిని చూడటానికి వీధిలోని ఆడవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. "ఏమక్కా, నీ కోడలు మొగున్ని సురేష్ సురేష్ అని పేరు పెట్టి పిలుస్తాది," అంది పక్కింటి జయమ్మ.

"పేరు పెట్టింది పిలిసేకే గదా," అంది భీమక్క.

ఆ మాటకు అందరూ నవ్వారు. భీమక్క కూడా నవ్వింది. కానీ వాళ్లు పోయాక కొడుకును అడిగింది.

"పేరుకెక్కడం అంటే ఏమిరా?"

"ఇంగ రానియ్యరు మా. ఒగ ఏడో, అయిదేండ్లో. వాళ్ల ఇష్టం."

"మొగుడు ఈడ ఉన్నాడని సెప్పినా?"

"సెప్పినా అంతే."

అప్పటినుంచి భీమక్కకు పని సాగలేదు. పోగు తెగితే కట్టడం మరిచి నేసేది. భర్త నరసన్న చూసి, గుడ్డ విప్పి మళ్లీ నేసేవాడు. ఒకసారి, "మనసు యాడ పెట్టినావే?" అన్నాడు.

మహర్నవమి నాడు ఆయుధపూజ. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో ఆ రోజు నేత ఉండదు. భీమక్క మగ్గం కడిగి, పోగు నడిపే నాడెలు, కత్తెర, రాట్నం, సురేష్ బండి తాళం చెవి, ఇంట్లో ఏది అన్నం పెడితే అది వరసగా పీట మీద పేర్చింది. తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. ఆ ఇంట్లో ఇంకో అలవాటు ఉంది. పడుగు మాటిమాటికీ తెగుతుంటే, తెగే చోటనే బొట్టు పెడతారు. అత్త నేర్పింది. తప్పు ఉన్న చోటు దేవతకు చూపాలని.

పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో ఉంది. సురేష్, శిరీష బయట బండి కడుగుతున్నారు. భీమక్క పెట్టె తెరిచింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ శ్రీనాథ్ అంగట్లో వేలు పెట్టి చూపిన పేజీ గుర్తుంది. ఆ పేజీ తెరిచి, నాడెల పక్కన పెట్టి, ముద్రకు పైన పసుపు చుక్క పెట్టింది. దాని మీద కుంకుమ అద్దింది. హారతి ఇచ్చింది.

కర్పూరం అయిపోయాక చూస్తే పసుపు నీళ్లు కిందికి జారి ఉన్నాయి. కుంకుమ నెల మీదికి దిగింది. ఆమె కొంగుతో తుడిచింది. కుంకుమ పోలేదు. ముద్ర సిరా ఊడి వచ్చింది. ఇంకోసారి తుడిచింది. నెల ఉన్న చోట మరక మిగిలింది. కాగితం మీద నూగు లేచింది.

సురేష్ లోపలికి వచ్చేసరికి ఆమె పాస్‌పోర్టు చేతిలో పట్టుకొని నిలబడి ఉంది.

"ముట్టద్దని సెప్పినారు గదా మా."

"ముట్టల్యా రా. బొట్టు పెట్టినా."

"తుడిసింది ఎవురు?"

భీమక్క కొంగు వదిలేసింది. దాని అంచున ఎరుపూ సిరా నలుపూ కలిసి అంటి ఉన్నాయి.

శిరీష వచ్చి పాస్‌పోర్టు తీసుకుంది. వెలుతురులో పెట్టి చూసింది. "ఇది నాది కూడా కాదత్తా, మా దేశానిది," అంది. పండక్కి చేసిన ఓళిగలు, ఆమె ఇంట్లో బొబ్బట్లనేవి, వడ్డించినా తినలేదు. భీమక్కా తినలేదు.

శ్రీనాథ్‌కు ఫోటో పంపి, ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నరసన్నే మొదట మాట్లాడాడు.

"కాలువలో పడింది, తడిసింది అని సెబితే సాలదా అప్పా?"

"తడిస్తే అన్ని పేజీలూ తడవాల మామా. ఒగ పేజీలో ఒగ నెల మాత్రం ఎట్లా తడిసింది అంటారు."

"పోయిందని సెబుదాం. కొత్తది తీసుకుంటాది."

"పోయిందని సెప్పి, పోలీస్ స్టేషన్లో రాయించి, రేపు దొరికితే? అది ఇంగో కేసు. నా కాడ ముందు తీసిన స్కాన్ ఉండాది. దాంట్లో ఆగస్టు బాగా కనపడతాది. అసలు దాంట్లో కనపడదు. రెండూ పక్కన పెట్టి సూస్తే, గడువు దాటింది దాచేకి మనమే సెరిపినట్టు ఉంటాది. ముందు తప్పు వాళ్లది. ఇప్పుడు కాదు."

"ఎవురి మీద పడతాది?" అని అడిగింది భీమక్క.

"పాస్‌పోర్టు ఎవురిదైతే వాళ్ల మీద పెద్దమ్మా."

భీమక్క లేచి నాడెల మీది పసుపు చూస్తూ నిలబడింది. "కర్నూలుకు నేను కూడా వస్తా," అంది.

"నువ్వు వచ్చి ఏం సేస్తావే?" అన్నాడు నరసన్న.

"సేసింది నేను. సెప్పేది ఇంగెవురు?"

పండగ దాటాక ఒక పొద్దున బస్సుకు బయల్దేరారు. కర్నూలు దారిలో గూడూరు దాటాక సురేష్, "పొరపాటున పడిందని మాత్రం సెప్పు మా. పూజ గీజ అనద్దు," అన్నాడు. భీమక్క కిటికీలోంచి చూస్తూ ఉంది. శిరీష సురేష్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఆఫీసు ముందు నిలిపిన జీపుల మీద కుంకుమ బొట్లు ఎండి ఉన్నాయి. లోపల ఎస్సై గొంతు బొంగురుపోయి ఉంది. దేవరగట్టు నుంచి వచ్చి ఇంకా సరిగా నిద్రపోలేదన్నాడు. కాగితాలన్నీ చూశాడు. కంప్యూటర్లో ఏదో తెరిచాడు.

"వచ్చిన తేదీ మా దాంట్లో సెప్టెంబరే ఉంది. ముద్రలో తప్పు జరిగింది. అది తేలిక. ఉత్తరం రాస్తే దిద్దుతారు," అన్నాడు. పాస్‌పోర్టు ఎత్తి పట్టుకున్నాడు. "దీన్నేం చేసినారు?"

సురేష్ నోరు తెరిచేలోపు భీమక్క చెప్పింది. ఆయుధపూజ అని, తప్పు ఉన్న చోట బొట్టు పెట్టానని, కొంగుతో రెండుసార్లు తుడిచానని చెప్పింది.

ఎస్సై కుర్చీ వెనక్కి జరిపాడు.

"మా జీపుకూ పెట్టినామమ్మా. అది మా జీపు. ఇది వేరే దేశం వాళ్ల కాగితం." పెన్ను తీసి, "పొరపాటున కుంకుమ పడింది అని రాసుకోమంటావా? చిన్నదిగా పోతుంది," అన్నాడు.

సురేష్ తల్లి వైపు చూశాడు.

"ఆ పాపను పోయేటప్పుడు అడుగుతారా సార్?" అని భీమక్క కోడలిని చూపింది.

"అడగొచ్చు."

"ఆ పాప జరిగిందే సెబుతాది. నాకు తెలుసు. ఈడ నేను ఒగటి, ఆడ ఆ పాప ఒగటి సెబితే ఎవురు నమ్ముతారు? పడల్యా సార్. పెట్టినా. తుడిసినా. అట్లే రాసుకోండి."

"నీ పేరు మీద ఉంటాది. రేపు ఎవరైనా కాగితం పాడు చేసినావు అంటే నిన్నే పిలుస్తారు."

"ఎమ్మిగనూరులోనే ఉంటా."

ఎస్సై రాయించాడు. చదివి వినిపించాడు. భీమక్క తెలుగులో సంతకం పెట్టింది. శిరీష సాక్షిగా పెట్టబోతే, నీది చెల్లదు, వేరే వాళ్లు పెట్టాలి అన్నాడు. సురేష్ పెట్టాడు. శ్రీనాథ్ స్కాన్, బోర్డింగ్ పాస్ నకలు కలిపి పంపారు. వారం తిరిగేలోపు విమానాశ్రయం నుంచి వచ్చిన తేదీ సెప్టెంబరే అని ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. దాన్నిబట్టి శిరీష గడువులోపల వెళ్లిపోవచ్చని కర్నూలులో ఉత్తరం ఇచ్చారు. పేజీ పాడైన సంగతి అదే ఉత్తరంలో చివర ఉంది. భార్యగా ఉండే వీసా సంగతి అడిగితే, అది మా చేతిలో లేదు, కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాక మలేషియాలోని ఇండియా ఎంబసీలో నేరుగా అడగాలి అన్నాడు ఎస్సై.

సురేష్ శిరీషను తీసుకొని ఆదోనిలో రైలెక్కాడు. మరునాడు సాయంత్రం దాకా భీమక్క ఫోన్ పక్కనే కూర్చుంది. నరసన్న ఒక్కడే నేశాడు. చీకటి పడుతుండగా శిరీష ఫోన్ చేసింది. వెనక విమానాల ప్రకటనలు వినిపిస్తున్నాయి.

"పక్కకు తీసుకుపోయారు అత్తా. చాలాసేపు కూర్చోబెట్టారు. మీ కాగితం చదివారు. ఈమె ఎవరు అన్నారు. మా అత్త అన్నాను. ఎందుకు పెట్టింది అన్నారు. చెప్పాను."

"ఏమన్నారు?"

"ఇంకో ఆయన్ని పిలిచి ఆయనకీ చదివించారు. మళ్లీ నన్ను అడిగారు. అదే చెప్పాను. వెళ్లే ముద్ర వేశారు. కంప్యూటర్లో కూడా ఏదో రాసుకున్నారు. ఏమి రాశారో చెప్పలేదు."

"నువ్వు అడగల్యా?"

"అడిగాను. తర్వాత వీసాకు వచ్చినప్పుడు తెలుస్తుంది అన్నారు."

భీమక్క ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. అడగవలసింది ఇంకా ఉంది. కానీ శిరీషకు తెలియనిది ఆమెను అడిగి ఏం లాభం.

"కొత్త ముద్రలో నెల సూసుకున్నావా?" అంది.

"కౌంటర్ దగ్గరే నిలబడి చూశాను అత్తా. వెనక వాళ్లు తిట్టుకున్నారు. అక్టోబరే ఉంది."