మిషన్‌కి మంచినీళ్ళు

బందరులో మంచినీళ్ళంటే మాటలా! బోరు వేస్తే ఉప్పునీళ్ళు, కుళాయి వస్తే ఏదో కాసేపు. అలాంటి ఊళ్ళో పుట్టిన పాండురంగ మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇనుము మీద పోస్తాడా? పోయడు. పోస్తే కళ్ళు పోతాయని వాళ్ళమ్మ చిన్నప్పుడే భయపెట్టింది. అందుకే తన లేత్ షాపులో, కోసేటప్పుడు ఇనుము వేడెక్కకుండా పోసే కూలెంట్ ఆయిల్‌ని ఎప్పుడూ బోరు నీళ్ళలోనే కలిపించేవాడు.

నీళ్ళలో పడగానే తెల్లగా పాలలా కలవాల్సిన ఆయిల్, ఆ ఉప్పుకి విరిగిపోయేది. కోత పడుతున్న పడవ షాఫ్టుల మీద అదే ధార. షాఫ్టులు తుప్పు పట్టాయి. పాండురంగ ఆయిల్ కంపెనీ మార్చాడు. మళ్ళీ విరిగింది. ఇంకాస్త ఆయిల్ పోయించాడు. కంపు కొడితే ఫినాయిల్ పోయించాడు. అన్నీ మార్చాడు మహానుభావుడు, ఒక్క నీళ్ళు తప్ప. ఆ కషాయంలో రోజంతా నానింది మాత్రం లేత్ మీద పనిచేసే టర్నర్ సూరయ్య చేతులు.

సూరయ్య చేతులు మొదట దురదపెట్టాయి. తర్వాత పగిలాయి, నెత్తురోడాయి. "తగ్గిపోతుందిలే సూరయ్యా, కొబ్బరినూనె రాసుకో" అన్నాడు పాండురంగ. తగ్గలేదు. సూరయ్య పని మానేసి దివిసీమలో వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గుడివాడ నుంచి ఆయిల్ అమ్మే గిరిధర్ వచ్చాడు. తొట్టిలోకి చూసి ఒకటే అడిగాడు.

"ఏ నీళ్ళు కలుపుతున్నారండీ?"

చెప్తే తల పట్టుకుని, ఉప్పుకి విరిగిన ఆయిల్ ఇనుముతో పాటు చేతుల్నీ తినేస్తుందన్నాడు. ఆ పూట పాండురంగకి అన్నం సయించలేదు.

మర్నాడు తొట్టి కడిగించి, మంచినీళ్ళ టిన్నులు గుమ్మరించి, గిరిధర్ చెప్పిన పాళ్ళలో ఆయిల్ కలిపాడు. పాలలా కలిసింది. అయినా సూరయ్యని ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? ముందు తన చేతులే పెట్టాడు. వేసవి పోయేదాకా మిషన్ దగ్గర తనే నిలబడ్డాడు. చేతులకి ఏమీ కాలేదు. అప్పుడు సూరయ్య ఊరికి బయల్దేరాడు.

వెళ్ళేసరికి సూరయ్య భోజనానికి కూర్చున్నాడు. భార్య భానుమతి అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. పులుపూ కారమూ తగిలితే ఆ వేళ్ళు ఓర్చుకోలేవు. ఓనర్ని చూసి సూరయ్య సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు.  పాండురంగ గడప దగ్గరే కూలబడ్డాడు.

"నీళ్ళు మార్చాను సూరయ్యా. నేనే చేసి చూశాను. ఇదిగో, చూడు" అని చేతులు చాపాడు.

సూరయ్య ముందుకు వంగి, వాటిని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు.

"బాగున్నాయండీ. నావీ ఇట్టాగే ఉండేవి."

"మరి వచ్చెయ్యి."

సూరయ్య తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. భానుమతే చెప్పింది.

"ఇంక ఆయిల్ అన్నదే తగలకూడదన్నారండీ డాక్టరు గారు. ఎంత మంచిదైనా సరే."

చాపిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక పాండురంగ ఒళ్ళో పెట్టుకున్నాడు. తప్పు తనదే అని చెప్దామనుకున్నాడు. ఈలోగా సూరయ్య భార్య వైపు తిరిగాడు.

"అంత దూరం నుంచి వచ్చారు. మంచినీళ్ళివ్వవే ఆయనకి" అన్నాడు సూరయ్య.

భానుమతి చెయ్యి కడుక్కుని చెంబు తెచ్చింది. పాండురంగ అందుకున్నాడు గానీ, తాగకుండా చెంబులో నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు.