ఆకుపచ్చ చుక్క

"నా నల్ల సాక్సులెక్కడ?" అన్న కేక పడగ్గదిలోంచి వచ్చేసరికి నేను టిఫిన్ డబ్బా మూతకు రబ్బరు రింగు ఎక్కిస్తున్నాను. "అల్మారా కింది సొరుగులో, తువ్వాళ్ళ వెనక" అన్నాను తలెత్తకుండా. "ఇక్కడ లేవు." "తువ్వాళ్ళు పక్కకు జరపండి." ఆ తర్వాత చప్పుడు లేదు. దొరికాయని చెప్పే అలవాటు మా ఆయనకు లేదు. దొరక్కపోతే కేక, దొరికితే మౌనం. అలా ఆ మౌనాన్ని బట్టి దొరికాయని తెలుసుకుని నేను డబ్బా సంచిలో పెట్టుకున్నాను.

మా ఇంట్లో పొద్దు 'ఎక్కడ'తోనే పొడుస్తుంది. కళ్ళజోడెక్కడ, కత్తెరెక్కడ, కరెంటు బిల్లెక్కడ, పోయినేడు కొన్న గొడుగెక్కడ. "ఒక్కసారి మీరే చూడకూడదూ" అంటే "నువ్వుండగా నేను వెతకడమెందుకు?" అంటాడు మా ఆయన, అదేదో పెద్ద పొగడ్త అయినట్టు. కొత్తలో నేనూ పొగడ్తే అనుకుని మురిసిపోయాను. ఇంట్లోవాళ్ళు హాయిగా మరిచిపోవడానికి వీలుగా నేను అన్నీ గుర్తుంచుకుంటున్నానని అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే ఇల్లంతా నా తలలో సర్దేసి ఉంది. ఏ సొరుగులో ఏముందో, ఏ డబ్బా వెనక ఏ డబ్బా ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. లేపి అడిగారు కూడా.

తమాషా ఏమిటంటే నా ఉద్యోగమూ అదే. నీళ్ళ ఆఫీసులో ఫీల్డు సర్వే. నేలకింద ఏ గొట్టం ఎటు పోతోందో, దాన్ని ఆపే వాల్వు ఎక్కడుందో ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వీధిలోకి వెళ్ళాలి. ఆ వాల్వు మూత నిజంగా అక్కడే ఉందో లేదో చూసి, ఫొటో తీసి, ఉందని గుర్తు పెట్టాలి. ఇంట్లో ఊరికే చేసే పని వీధిలో చేస్తే నెల తిరిగేసరికి జీతమిస్తారని నాకు ముప్పై దాటాక గానీ తెలియలేదు. చేరినరోజు మా ఆయన "వీధులెంట తిరుగుతూ ఫోన్ చూసుకోవడానికి కూడా జీతమా!" అని నవ్వాడు. వారం తిరక్కుండానే నా ఫోన్ తీసుకుని అందులో ఏదో యాప్ వేశాడు. "రోజులు బాగాలేవు. నువ్వెక్కడున్నావో కనపడుతూ ఉంటే నాకు నిశ్చింత" అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

అప్పటినుంచి ఆయన ఫోన్‌లో నేనొక ఆకుపచ్చ చుక్కని. చుక్క కదులుతున్నంతసేపూ నిశ్చింతే. ఆగితే మొదలు. "ఆ టీ కొట్టు దగ్గర అంతసేపు ఏం చేశావు?" మూత చుట్టూ పేరుకున్న మట్టి గీకాను. "మధ్యాహ్నం ఆ ఇంట్లోకి ఎందుకెళ్ళావు?" ఇది అడిగింది భోజనాల దగ్గర. ఫీల్డులో తిరిగే ఆడవాళ్ళకు ఎండా కుక్కలూ పెద్ద బాధ కాదు. పొద్దస్తమానం నీళ్ళ గొట్టాల మీద నడుస్తూ గుక్కెడు నీళ్ళు తాగడానికి భయపడతాం. ఆరోజు ఇక ఆగలేక, ముక్కూమొహం తెలియని ఒకావిడ తలుపు తట్టి అడిగాను. పాపం, ఒక్క ప్రశ్న వెయ్యకుండా బాత్రూం చూపించింది. ఆ సంగతంతా అత్తయ్య వింటుండగా, కంచంలో వేళ్ళు పెట్టుకుని నేను విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. "ముందే ఓ మాట చెప్తే సరిపోయేదిగా" అన్నాడు. ముందే అంటే ఎప్పుడు? అత్తయ్య మాత్రం తర్వాత గిన్నెలు సర్దుతూ, "మొగుడు అంత కనిపెట్టుకుని ఉండటం అదృష్టం అమ్మాయ్. మీ మామయ్యకి నేనెక్కడున్నానని అడగాల్సిన పనే పడలేదు. వంటింట్లో తప్ప ఎక్కడున్నాను కనుక?" అంది. గొప్పగా అందో, గోడు చెప్పుకుందో ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

ఒకసారి ఫోన్‌లో ఛార్జ్ అయిపోయి చుక్క మాయమైంది. ఆయన ఏకంగా మా సూపర్‌వైజర్‌కే ఫోన్ చేసి "మా ఆవిడ అక్కడే ఉందాండీ?" అని అడిగాడు. మర్నాడు నేను ఆఫీసులో అడుగు పెట్టగానే "ఏమ్మా, మేమేసే హాజరు చాలదని మీ ఆయన కూడా వేస్తున్నారటగా" అని సూపర్‌వైజర్ నవ్వితే ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారు. ఆరోజు నుంచి ఛార్జ్‌ని సాయంత్రం దాకా లాక్కురావడం నా ప్రాణం మీదికి వచ్చింది. ఆఫీసువాళ్ళు యాప్ ఇస్తారు గానీ ఫోనివ్వరు. నాదేమో పాత ఫోను. ఛార్జ్‌ని మ్యాపూ తింటుంది, చుక్కా తింటుంది. చుక్క జోలికి పోలేను కాబట్టి మ్యాప్‌కే కోత పెట్టాను. మ్యాప్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు. వీధులదొక పొర, ఇళ్ళదొకటి, కొత్త గొట్టాలదొకటి, పాత గొట్టాలదొకటి. పొద్దున్నే గుమ్మం దాటుతూ, అవసరం లేదనుకున్న పొరలన్నీ ఆపేస్తాను, మనుషుల్లేని గదుల్లో లైట్లు ఆపినట్టు.

ఆరోజు నేను వెళ్ళిన వీధికి సాయంత్రంలోగా తారు వెయ్యాలి. తారు పడేలోపు నేను వాల్వు మూతలన్నిటి మీదా తెల్లరంగు పుయ్యాలి. రంగున్న మూత చుట్టూ పనివాళ్ళు సిమెంటు కట్టి పైకి లేపుతారు. రంగు లేనిది తారుకింద సమాధే. మధ్యాహ్నానికి అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే పెద్దది. దాన్ని తిప్పితేనే దిగువ వీధులన్నిటికీ నీళ్ళు ఆగుతాయి. ఆఫీసు ఇచ్చిన కాగితంలో దాని నంబరుంది గానీ, ఫోన్‌లో ఆ నంబరు కొడితే 'ఫలితాలు లేవు' అంటోంది. వీధి పేరు కొట్టాను. నేను రంగు పూసినవే మళ్ళీ చూపించింది. 'వాల్వు' అని ఒక్క మాట కొట్టాను. మళ్ళీ అవే. వేలి చెమటకి ఒక అక్షరం కొడితే ఇంకోటి పడుతోంది, ఎండకి తెర మీద నా మొహం తప్ప ఏమీ కనపడటం లేదు. చున్నీ తలమీద నుంచి ఫోన్ మీదికి లాక్కుని ఆ నీడలో మళ్ళీ కొట్టాను. ఫలితాలు లేవు.

"అమ్మా, తారు చల్లారితే మళ్ళీ కాచేది మీ ఆఫీసు కాదు, నేను" అన్నాడు మేస్త్రీ. వీధి మొగలో రోలరు గుర్రుగుర్రుమంటూ నిలబడి ఉంది. "ఒక్క పది నిమిషాలు అన్నా" అన్నాను. "ఇందాకటి పది నిమిషాలు అయ్యాయా, ఇవి కొత్తవా?" అన్నాడు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. "మ్యాప్‌లో లేదంటే లేనట్టేనమ్మా. 'క్షేత్రంలో లేదు' అని రాసి సంతకం పెట్టెయ్. అవతల నాకు వంద పనులున్నాయి" అని పెట్టేశాడు.

పోయిన వేసవిలో ఇలాగే ఇంకో వీధిలో ఒక వాల్వు తారుకింద పోయింది. గొట్టం పగిలిన రోజున నీళ్ళాపడానికి మూత కనపడలేదు. రోడ్డంతా తవ్వి వెతికేలోపు కిందిళ్ళల్లోకి మోకాలి లోతు నీళ్ళు చేరాయి. లేవలేని ముసలాయన్నొకణ్ణి మంచంతో సహా మోసుకొచ్చారట. 'లేదు' అని రాయమన్నది ఎవరో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. సంతకం పెట్టిన అమ్మాయి మాత్రం అందరికీ గుర్తుంది. ఆమె ఉద్యోగం పోయింది. ఆ ఖాళీలోనే నేను చేరాను.

మళ్ళీ మ్యాప్ చూశాను. నీలం గీత వీధంతా వచ్చి మొగ దగ్గర టక్కున ఆగిపోయింది. నీళ్ళు అలా ఆగవు కదా! అక్కడినుంచి ఎటో పోవాలి. ఎటు? తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చింది, ఛార్జ్ అయిపోవస్తోందని. దాని వెనకే మా ఆయన మెసేజి: 'ఇంతసేపట్నుంచి ఒకేచోట ఉన్నావేంటి?' అది సరిగ్గా వెతికే గడి మీదే వచ్చి కూర్చుంది. దాన్ని తోసేసేలోపు ఫోన్ మోగింది. అత్తయ్య.

"అమ్మాయ్, నా బీపీ మాత్రలెక్కడ పెట్టావ్?"

"ఫ్రిజ్ పక్క అరలో అత్తయ్యా. పైనుంచి రెండోది."

"చూశా. లేవు."

"కాఫీపొడి డబ్బా ఉంటుంది చూడండి. అది జరపండి. దాని వెనక."

"జరపడం ఎందుకు, పైకి కనపడటం లేదంటుంటే..." అంటూనే డబ్బా జరిపిన చప్పుడు. "ఆఁ, ఇక్కడే ఏడ్చాయి" అని పెట్టేసింది.

ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నా మాట నాకే వచ్చి తగిలింది. పైకి కనపడకపోతే లేనట్టేనా అని రోజూ ఇంట్లోవాళ్ళని లోలోపల సణుక్కునేదాన్ని, ఇక్కడ నేను చేస్తున్నదేమిటి? శిక్షణలో చెప్పారు. మ్యాప్ తెరిచి ఉన్న పొరల్లోనే వెతుకుతుంది, ఆపేసిన పొర జోలికి పోదు అని. ఆపింది ఎవరు? నేనే. ఎందుకు? చుక్క ఆరిపోకుండా. పొరల పట్టిక తెరిచాను. 'పాత గొట్టాలు' ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని.

వేలు పెట్టబోయి ఆగాను. ఆ పొర బరువైనది. అది తెరుచుకునేలోపు ఫోన్ చచ్చిపోతుంది. అది కూడా పోతే ఇక సంతకమే గతి. ఛార్జ్ ఎవరు తింటున్నారా అని చూశాను. అందరికంటే పైన, మ్యాప్ కంటే కూడా పైన, ఆ చుక్క యాప్. పొద్దున్నుంచీ నా ఉద్యోగం తిన్నదానికంటే నేనెక్కడున్నానో ఆయనకి చెప్పడానికి తిన్నదే ఎక్కువ. నవ్వొచ్చింది. దాన్ని ఆపితే చుక్క పోతుంది. చుక్క పోతే ఫోన్. నేను ఎత్తకపోతే సూపర్‌వైజర్‌కి ఫోన్. రేపు మళ్ళీ నవ్వులు. ఇంటికెళ్ళాక భోజనాల దగ్గర విచారణ. అరిచే మనిషి కాదు ఆయన, చెయ్యెత్తే మనిషి అసలే కాదు. ఊరికే కంచం వంక చూస్తూ అడుగుతాడు, నేను చెప్పిందల్లా విని "సరేలే" అంటాడు. ఆ 'సరేలే'కి నాకు రెండు రోజులు నిద్ర పట్టదు.

"అమ్మా!" అని అరిచాడు మేస్త్రీ. రోలరు కదిలింది.

చుక్క యాప్ ఆపేశాను. 'నిజంగానే ఆపాలా?' అని అడిగింది ఫోన్, దానికి కూడా అనుమానమే. అవును అన్నాను. పాత గొట్టాల పొర తెరిచాను. తెర మధ్యలో ఒక సున్నా తిరుగుతూ తిరుగుతూ ఉంది. అప్పుడు మెల్లగా మొగ దగ్గర ఆగిన నీలం గీతకి అతుక్కుని ఒక గోధుమరంగు గీత వచ్చింది. నంబరు కొట్టాను. ఆ గీత మీద వాల్వు గుర్తుగా ఎర్రటి సున్నా ఒకటి వెలిగింది. దాన్ని చూస్తూ నడిచాను. నాలుగడుగులు వేసేసరికి కంకర కుప్ప అడ్డొచ్చింది.

"అన్నా, ఈ కుప్ప జరపాలి."

"ఏంటీ? పొద్దున్నుంచి దానిమీదే కూర్చున్నాం, కింద ఏముంటుందమ్మా!"

"జరిపి చూడండి" అన్నాను. నా గొంతు ఎప్పుడు పెరిగిందో నాకే తెలియదు. మేస్త్రీ నన్నొకసారి ఎగాదిగా చూసి, రోలరుని ఆగమని చెయ్యెత్తాడు. ఇద్దరు పనివాళ్ళు గొణుక్కుంటూ పారలు పట్టారు. పనివాళ్ళ గొణుగుడు, రోలరు పొగ. ఒకవేళ అక్కడ లేకపోతే? మ్యాప్ తప్పయితే? కంకర తీశారు, కింద దుమ్ము, దుమ్ము కింద మట్టి. పార ఖణేల్మంది. నేను మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో మట్టి తోసేశాను. ఇనప మూత, తుప్పు పట్టి, నా చేతుల కింద వెచ్చగా ఉంది. ఎండ ఎలా తగిలిందో దానికి! డబ్బాలో మిగిలిన రంగంతా దానిమీదే పోసేశాను. ఒక మూతకి అంత రంగు ఎవరూ పుయ్యరు. "ఇక్కడే ఉందే" అన్నాడు మేస్త్రీ, నేనే తెచ్చి అక్కడ పెట్టినట్టు నా వంక చూస్తూ. ఫొటో తీసి, ఉందని గుర్తు పెట్టాను. ఉన్నాను అని రాసినంత సంతోషమేసింది.

ఫోన్ మోగింది. మా ఆయన.

"చుక్క పోయింది. ఎక్కడున్నావు?"

జవాబు నాలుక మీదే ఉంది. వీధి చివర మొగలో, కంకర కుప్ప పక్కన, మోకాళ్ళ మీద, చేతులకి తెల్లరంగుతో. సొరుగులో సాక్సులంత వివరంగా చెప్పగలను. పోనీ ఛార్జ్ అయిపోయిందనొచ్చు, అది సగం నిజం, ఆయన నమ్ముతాడు, రేపు ఒక ఛార్జరు కూడా కొనిస్తాడు, చుక్క మళ్ళీ వెలుగుతుంది. ఫోన్‌లో ఇంకా కాస్త ప్రాణముంది. ఒక మాటకి సరిపోతుంది.

"నేనే ఆపేశానండీ" అన్నాను.

ఆయన గొంతు మారింది. కోపం కాదది. అలవాటైన సొరుగు లాగితే ఖాళీగా వచ్చినప్పటి గొంతు.

"ఆపేస్తే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?"

పెళ్ళయినప్పటినుంచి 'ఎక్కడ' అన్న ఏ ప్రశ్ననీ నేను ఖాళీ చేతులతో పంపలేదు. చేతులకున్న రంగు చున్నీకి తుడుచుకుందామనుకుని, తుడుచుకోలేదు.

"తెలియదండీ" అన్నాను.